అమెరికా డెంటల్ సీటుకు సిఫారసు లేఖలు: ఎవరిని అడగాలి? ఎవరిని అడగకూడదు?

సిఫారసు లేఖ అనగానే మనలో చాలామందికి ముందు తిరుమల గుర్తొస్తుంది. ఎమ్మెల్యే దగ్గరికో ఎంపీ దగ్గరికో వెళ్లి, బ్రేక్ దర్శనానికి ఓ లేఖ తెచ్చుకుంటాం. అందులో భక్తుడి గుణగణాల గురించి ఒక్క ముక్క ఉండక్కర్లేదు. పేర్లు, ఆధార్ నంబర్లు, కింద సంతకం ఉంటే చాలు. ఆ లేఖ బరువంతా సంతకానిదే.

అమెరికాలో డెంటల్ కాలేజీలు అడిగే లేఖ దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ సంతకం ఎవరిదన్నది రెండో ప్రశ్న. ఈ అభ్యర్థి పేషెంట్ నోట్లో చెయ్యి పెట్టినప్పుడు ఆయన పక్కన నిలబడి చూశారా, చూసి ఏమనుకున్నారు అన్నదే మొదటి ప్రశ్న. అందుకే దరఖాస్తు ఫారాల్లో దీన్ని చాలాచోట్ల సిఫారసు అని కూడా అనరు. ‘లెటర్ ఆఫ్ ఎవాల్యుయేషన్’ అంటారు. అంటే మూల్యాంకన లేఖ. ఈ తేడా తెలియక, మంచి మార్కులున్న బీడీఎస్ గ్రాడ్యుయేట్లు కూడా బరువైన హోదాల వెంట పరుగెత్తి, తేలికైన లేఖలు తెచ్చుకుంటున్నారు.

మన పిల్లల తప్పు ఇందులో పెద్దగా లేదు. ఇక్కడ బీడీఎస్‌లో చేరాలంటే నీట్ ర్యాంకు, ఎండీఎస్‌లో చేరాలంటే నీట్ ఎండీఎస్ ర్యాంకు. ఆ తర్వాత కౌన్సెలింగ్, వెబ్ ఆప్షన్లు. ‘నా గురించి నాలుగు మాటలు రాసివ్వండి సార్’ అని ఒక ప్రొఫెసర్‌ను అడగాల్సిన అవసరం ఐదేళ్లలో ఒక్కసారి కూడా రాదు. మొదటిసారి అవసరం పడేది అమెరికాకు దరఖాస్తు పెట్టేటప్పుడే.

ఈ లేఖలు ఎవరికి కావాలి?

తెలుగు రాష్ట్రాల్లో బీడీఎస్ చదివి అమెరికా వెళ్లేవారికి అక్కడ నేరుగా ప్రాక్టీస్ పెట్టుకునే వీలు దాదాపు ఏ రాష్ట్రంలోనూ ఉండదు. అక్కడి డిగ్రీ కావాలి. ఆ డిగ్రీ పేరు కొన్ని కాలేజీల్లో డీడీఎస్, కొన్నిట్లో డీఎండీ. పేరే తేడా, విలువ ఒకటే. విదేశాల్లో డెంటిస్ట్రీ చదివినవారిని మళ్లీ మొదటి ఏడాది నుంచి కూర్చోబెట్టకుండా, రెండు నుంచి మూడేళ్లలో ఆ డిగ్రీ ఇచ్చే కోర్సులు చాలా కాలేజీల్లో ఉన్నాయి. వీటిని అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ కోర్సులంటారు. వీటిలో ఎక్కువ కోర్సులకు దరఖాస్తు ‘క్యాపిడ్’ అనే ఉమ్మడి పోర్టల్ ద్వారా వెళ్తుంది. అమెరికన్ డెంటల్ ఎడ్యుకేషన్ అసోసియేషన్ దీన్ని నడుపుతుంది. కొన్ని కాలేజీలు మాత్రం సొంతంగా దరఖాస్తులు తీసుకుంటాయి.

దరఖాస్తు చేసేవారిలో ఒక వర్గాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇక్కడ బీడీఎస్ పూర్తిచేసి, ఐటీ ఉద్యోగిని పెళ్లి చేసుకుని, హెచ్-4 వీసా మీద డల్లాస్‌కో న్యూజెర్సీకో వెళ్లిన అమ్మాయిలు. చదువు ఆగి నాలుగేళ్లో ఆరేళ్లో అవుతుంది. మధ్యలో పిల్లలు. చేతిలో డిగ్రీ ఉంటుంది కానీ పనికిరాదు. లేఖల దగ్గర అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడేది వీళ్లే. వాళ్ల సంగతికి కాసేపట్లో వద్దాం.

లేఖకు అంత ప్రాధాన్యం ఎందుకు?

ఒక ముఖ్య కారణం పరీక్ష. ఈ దరఖాస్తుల్లో ఎక్కువ కాలేజీలు అడిగే జాతీయ బోర్డు పరీక్ష ఐఎన్‌బీడీఈ. 2020లో మొదలైంది. అంతకుముందు రెండు భాగాలుగా ఉన్న పాత బోర్డు పరీక్షల స్థానంలోకి వచ్చింది. దీని ఫలితం పాస్ లేదా ఫెయిల్ మాత్రమే. పాసైనవారికి ఎన్ని మార్కులొచ్చాయన్నది కాలేజీకి తెలియదు. కాబట్టి ‘నాకు బోర్డులో ఇంత స్కోరు వచ్చింది’ అని చెప్పుకుని ముందుకు దూసుకెళ్లే దారి లేదు. టోఫెల్ మార్కులు చాలామందికి దగ్గరదగ్గరగానే ఉంటాయి. బీడీఎస్ మార్కుల జాబితాను అక్కడి సంస్థలు అమెరికా గ్రేడ్లలోకి మార్చిన తర్వాత కూడా, మన యూనివర్సిటీల్లో మార్కులు ఎలా వేస్తారో తెలియని కమిటీకి దాన్నిబట్టి మనిషిని అంచనా వేయడం కష్టం.

ఇక మిగిలేవి మీరు రాసుకున్న వ్యాసం, మీ అనుభవం, ఈ లేఖలు. ఇందులో మీ గురించి ఇంకొకరు చెప్పేది లేఖల్లో మాత్రమే. ఇంటర్వ్యూ, చేతి నైపుణ్యం చూసే బెంచ్ టెస్టు ఆ తర్వాతి అంకం. అక్కడిదాకా పిలుపు రావాలి కదా. చాలా చోట్ల రెండేళ్ల ట్యూషన్ ఫీజే కోటి రూపాయలు దాటే చదువు ఇది. దానికి అప్పు పుట్టించడానికి కుటుంబం అంతా సిద్ధపడ్డాక, మూడు కాగితాల దగ్గర అజాగ్రత్త ఏమిటి?

పెద్ద హోదానా? దగ్గరగా చూసిన మనిషా?

మామూలుగా మన కాలేజీల్లో జరిగేది ఇది. విద్యార్థి ముందు ప్రిన్సిపల్ దగ్గరికి, తర్వాత హెచ్‌ఓడీల దగ్గరికి వెళ్తాడు. సీనియర్ లెక్చరర్ వైపు చూడనే చూడడు. కానీ ఇంటర్న్‌షిప్‌లో మొదటిసారి దవడ పన్నుకు రూట్ కెనాల్ చేస్తున్నప్పుడు పక్కన నిలబడి ‘ఆగు, ఎక్స్‌రే ఇంకోటి తీద్దాం’ అన్నది ఆ సీనియర్ లెక్చరరే. మీ చెయ్యి ఎప్పుడు వణికిందో, ఎప్పుడు కుదురుకుందో ఆయనకు తెలుసు. హెచ్‌ఓడీకి తెలిసింది మీ హాజరు పట్టీ.

వంద మంది బ్యాచ్‌లో ప్రిన్సిపల్‌కు మీరు ముఖపరిచయం మాత్రమే అయితే, ఆయన రాసే లేఖ ఇలా ఉంటుంది: ‘ఈ విద్యార్థిని మా కళాశాలలో చదివింది. క్రమశిక్షణ గలది, కష్టపడే స్వభావం. ఆమె భవిష్యత్తు ఉజ్వలంగా ఉండాలని కోరుకుంటున్నాను.’ ఇది కాండక్ట్ సర్టిఫికెట్. పేరు మార్చి ఎవరికైనా ఇవ్వొచ్చు. చదివే కమిటీకి దీన్నుంచి తెలిసేది ఒక్కటే, రాసినాయనకు ఈమె గురించి ఏమీ తెలియదని.

మరో లేఖ ఇలా ఉందనుకుందాం: ‘ప్రోస్తోడాంటిక్స్ పోస్టింగ్‌లో ఒక పెద్దాయనకు పూర్తి పళ్ల సెట్టు చేసింది. ట్రయల్ రోజున కింది సెట్టు కదులుతోందని తనే గమనించింది. నేను సర్దేద్దాం అన్నా వినకుండా, పేషెంట్‌కు నచ్చజెప్పి కొలత మళ్లీ తీసింది. ఆ వారం తన కోటా పూర్తికాలేదు.’ ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు. అయినా పని తెలిసిన మనిషి, నిజాయితీ ఉన్న మనిషి అని అర్థమవుతోంది. ఇలాంటిది రాయగలిగిన వ్యక్తి రీడర్ అయినా, సీనియర్ లెక్చరర్ అయినా ఫర్వాలేదు.

ఒక మినహాయింపు ఉంది. కొన్ని కాలేజీలు, చదివిన కాలేజీ డీన్ లేదా ప్రిన్సిపల్ లేఖ తప్పనిసరి అంటాయి. అలాంటి చోట వాదించేది లేదు, తీసుకోవాల్సిందే. ఆ ఒక్కటీ లాంఛనంగా ఉన్నా, మిగతావి మిమ్మల్ని చూసినవారి నుంచే తీసుకోండి. ప్రిన్సిపల్ మంచి మనిషైతే, మీకు బాగా తెలిసిన లెక్చరర్‌ను అడిగి ఆ వివరాలు తన లేఖలో చేర్చుకుంటారు. అడిగితే తప్పేమీ కాదు.

పీజీలది ఇంకో సమస్య. నిజం చెప్పాలంటే చాలా డిపార్ట్‌మెంట్లలో ఇంటర్న్‌ల పని అందరికంటే దగ్గరగా చూసేది ఎండీఎస్ చదువుతున్న పీజీలే. కానీ వాళ్లు అప్పటికి విద్యార్థులే కాబట్టి, వాళ్ల లేఖకు బరువుండదు. వాళ్లు చెప్పిన విషయాలు ప్రొఫెసర్ లేఖలోకి రావాలి. వాళ్లను నేరుగా లేఖ అడగకూడదు.

మూడు లేఖలు అడిగారంటే, మూడు వేర్వేరు కోణాలు ఉండేలా చూసుకోండి. ఒకరు చికిత్స చేస్తుండగా చూసినవారు. ఒకరు చదువు లేదా పరిశోధన తెలిసినవారు. బీడీఎస్‌లో ఐసీఎంఆర్ షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ కింద ప్రాజెక్టు చేసి ఉంటే ఆ గైడ్ మంచి ఎంపిక. పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ వారితో ఊళ్లలో క్యాంపులు తిరిగి ఉంటే వారు కూడా. మూడో వ్యక్తి వీలైనంత ఇటీవల మీ పని చూసినవారై ఉండాలి. మూడు లేఖలూ ఓరల్ సర్జరీ డిపార్ట్‌మెంట్ నుంచే వచ్చి, మూడూ పన్ను తీయడం గురించే చెబితే రెండు వృథా అయినట్లే.

ఎవరిని అసలు అడగకూడదు?

నాన్న సొంత క్లినిక్‌లో మూడేళ్లు పనిచేసినా, లేఖ నాన్న ఇవ్వకూడదు. బాబాయి, మేనమామ కూడా అంతే. డెంటిస్టుల కుటుంబాల్లో ఇది నిజంగానే ఇబ్బంది. పనిచేసిందంతా అక్కడే అయి ఉంటుంది. అలాంటప్పుడు ఆ క్లినిక్‌కు వారానికోసారి వచ్చే కన్సల్టెంట్, అంటే బంధువు కాని ఆర్థోడాంటిస్టో ఇంప్లాంట్ సర్జనో, మీతో కలిసి కేసులు చూసి ఉంటే ఆయనను అడగొచ్చు.

రాజకీయ నాయకులు, కలెక్టర్లు, ఆలయ ట్రస్టు సభ్యులు, అమెరికాలో పేరున్న తెలుగు సంఘం పెద్దలు... వీరి లేఖలు పనికిరావు. పైగా, పలుకుబడి చూపించబోయారన్న అనుమానానికి తావిస్తాయి.

కాలేజీ వదిలి ఏళ్లు గడిచిపోతే?

ఇప్పుడు హెచ్-4 అమ్మాయిల సంగతి. ఇంటర్న్‌షిప్ 2018లో అయిందనుకోండి. అప్పటి రీడర్ ఇంకో కాలేజీకి మారిపోయారు. ప్రొఫెసర్ రిటైరయ్యారు. కాలేజీలో ఇప్పుడున్నవారు మిమ్మల్ని చూడనేలేదు. చాలామంది ఇక్కడే నిరాశపడి, కాలేజీ ఆఫీసులో తెలిసినవారి ద్వారా ఇప్పటి హెచ్‌ఓడీ సంతకం తెప్పించుకుంటారు. అది వద్దు. మిమ్మల్ని చూడని మనిషి రాసిన లేఖ చూడని మనిషి రాసినట్టే ఉంటుంది.

మారిపోయిన, రిటైరైన అధ్యాపకులు లేఖ ఇవ్వడంలో తప్పు లేదు. ‘ఫలానా సంవత్సరాల్లో ఫలానా కాలేజీలో ఈమెకు పాఠం చెప్పాను, ప్రస్తుతం ఫలానా చోట ఉన్నాను’ అని స్పష్టంగా రాస్తే చాలు. బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో అడిగితే ఎవరు ఎక్కడున్నారో ఒక పూటలో తెలిసిపోతుంది.

అయితే పాత లేఖలు మాత్రమే ఉంటే, ఈ ఐదారేళ్లూ ఏం చేశారన్న ప్రశ్న మిగిలిపోతుంది. ఇటీవలి లేఖలే కావాలని అడిగే కాలేజీలూ ఉన్నాయి. అందుకే అమెరికాలో ఒక డెంటిస్టు దగ్గర కొంతకాలం గడిపి, ఆ డెంటిస్టు నుంచి ఒక లేఖ తీసుకోవడం మంచిది. దానికి ఉన్న దారుల్లో మొదటిది షాడోయింగ్. అంటే డెంటిస్టు పక్కన ఉండి పని చూడటం. లైసెన్సు లేదు కాబట్టి పేషెంట్‌కు చికిత్స చేయకూడదు. రెండోది లాభాపేక్ష లేని ఉచిత దంత వైద్య శిబిరాల్లో, కమ్యూనిటీ క్లినిక్‌లలో వాలంటీర్‌గా చేరడం. మూడోది కొన్ని యూనివర్సిటీలు ఫీజు తీసుకుని విదేశీ డెంటిస్టుల కోసం నడిపే స్వల్పకాలిక ప్రిసెప్టర్‌షిప్ కోర్సులు. వీటిలో ఫీజు ఎక్కువే. కానీ అక్కడి అధ్యాపకులు మీ చేతి పనిని చూస్తారు.

వీసా విషయంలో ఇక్కడ జాగ్రత్త. హెచ్-4 వారందరికీ పనిచేసే అనుమతి ఉండదు. 2015 నుంచి హెచ్-4 వారిలో కొందరికి, ముఖ్యంగా భర్త లేదా భార్యకు ఐ-140 ఆమోదం వచ్చి ఉంటే, ఈఏడీ కార్డు కోసం దరఖాస్తు చేసుకునే వీలు కల్పించారు. ఈఏడీ ఉంటే డెంటల్ అసిస్టెంట్‌గా చేరొచ్చు, రాష్ట్రాన్ని బట్టి దానికి కావాల్సిన సర్టిఫికెట్లు వేరు. ఈఏడీ లేకుండా ఒక ప్రైవేట్ క్లినిక్‌లో, జీతమిచ్చి చేయించుకోవాల్సిన పనిని ‘వాలంటీర్’ పేరుతో ఉచితంగా చేసినా వీసాకు చిక్కు రావొచ్చు. లేఖ కోసం వెళ్లి స్టేటస్ పోగొట్టుకోవద్దు. సందేహం ఉంటే మొదలుపెట్టక ముందే ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి.

రెండు రోజులు పక్కన నిలబడి మూడో రోజు లేఖ అడిగితే ఏ డెంటిస్టు అయినా ఇబ్బంది పడతారు. కొన్ని నెలల పాటు, వారానికి ఒక పూటైనా క్రమం తప్పకుండా వెళ్లండి. ఏ తేదీన ఎన్ని గంటలు, ఏ కేసులు చూశారో ఒక పుస్తకంలో రాసుకోండి. దరఖాస్తులో గంటలు నింపడానికీ, ఆ డెంటిస్టు లేఖ రాసేటప్పుడు గుర్తుచేయడానికీ అదే పనికొస్తుంది.

‘నువ్వే రాసుకుని రామ్మా, సంతకం పెడతా’

ఈ మాట వినని వారు అరుదు. ప్రొఫెసర్లను తిట్టుకోవడం తేలికే కానీ, వాళ్ల వైపు నుంచీ చూడాలి. ఓపీ, పీజీల థీసిస్‌లు, పరీక్షలు, తనిఖీలు. వీటి మధ్య ఏటా ఇరవై మంది వచ్చి లేఖ అడుగుతారు. ఇంగ్లిష్‌లో రెండు పేజీలు రాయడమంటే కొందరికి బెరుకు కూడా. అందుకే ఈ పద్ధతి అలవాటైపోయింది.

కానీ ఇది ప్రమాదకరమైన అలవాటు. దరఖాస్తులో ఇచ్చిన సమాచారమంతా నిజమని మీరు ధ్రువీకరిస్తారు. ప్రొఫెసర్ పేరుతో మీరే రాసిన లేఖ ఆ మాటకు నిలబడదు. పట్టుబడటం కష్టమని అనుకోవద్దు. మీ వ్యాసంలోని వాక్యాలు, పదాలు, తప్పులే మూడు లేఖల్లోనూ కనిపిస్తే, ఏళ్లుగా వేల లేఖలు చదివిన కమిటీకి అర్థమైపోతుంది. కన్సల్టెన్సీ ఇచ్చిన నమూనా అయితే మరీ ఘోరం. అదే కన్సల్టెన్సీకి వెళ్లిన మరో పది మంది లేఖల్లోనూ అవే వాక్యాలుంటాయి. ప్రొఫెసర్ పేరు మీద ఒక జీమెయిల్ తెరిచి, లేఖను తామే అప్‌లోడ్ చేసేవారూ ఉన్నారు. దాన్ని ఫోర్జరీ అంటారు. సీటు వచ్చాక బయటపడినా సీటు పోతుంది.

మరి ‘నువ్వే రాసుకురా’ అంటే ఏం చేయాలి? లేఖ రాసివ్వొద్దు, లేఖకు కావాల్సిన సరుకు ఇవ్వండి. ఒక పేజీ చాలు. మీరు ఆయన డిపార్ట్‌మెంట్‌లో ఏ నెలల్లో ఉన్నారు, ఏ కేసులు చేశారు, వాటిలో ఆయనకు గుర్తుండే రెండు సంఘటనలు, ఆయన సరిదిద్దిన ఒక తప్పు, మీ మార్కులు, ఇప్పుడు ఎందుకు వెళ్తున్నారు. వాక్యాలుగా కాకుండా పాయింట్లుగా ఇవ్వండి. ‘సార్, ఇది మీకు గుర్తుచేయడానికే. మీకు ఏది నిజమనిపిస్తే అదే రాయండి. చిన్నదైనా ఫర్వాలేదు’ అనండి. ఇంగ్లిష్ బాగుండాలన్న భయం వద్దని కూడా చెప్పండి. అరపేజీలో సాదా ఇంగ్లిష్‌లో రాసిన నిజమైన సంఘటన, రెండు పేజీల విశేషణాల కంటే మేలు.

ఎలా అడగాలి?

‘సార్, లెటర్ కావాలి’ అని అడిగితే మన ప్రొఫెసర్లు కాదనరు. మొహమాటం. ఆ మొహమాటంలోంచి పుట్టిన లేఖే చప్పగా ఉంటుంది. అందుకే ఆయన తప్పుకునే వీలు ఇస్తూ అడగాలి. ఇలా ఓ మెసేజ్ పెట్టొచ్చు: ‘నమస్తే సార్. నేను 2017 ఇంటర్న్‌షిప్ బ్యాచ్. పెరియోలో మీ దగ్గర పోస్టింగ్ చేశాను. అమెరికాలో డీడీఎస్‌కు దరఖాస్తు చేస్తున్నాను. నా క్లినికల్ పని గురించి వివరంగా రాయగలనని మీకు అనిపిస్తేనే ఒక లేఖ ఇవ్వగలరా సార్? కుదరకపోయినా ఏమీ అనుకోను. ఒకసారి ఫోన్ చేయొచ్చా?’

జవాబును బట్టి గ్రహించండి. ‘తప్పకుండా అమ్మా, ఎప్పటిలోగా?’ అంటే నిజంగా ఇస్తారు. ‘చూద్దాంలే’ అంటే తెలుగులో అర్థం అందరికీ తెలిసిందే. వేరే మనిషిని చూసుకోండి.

గడువుకు కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు అడగాలి. యూనివర్సిటీ ప్రాక్టికల్స్ నడిచే రోజుల్లో ఎగ్జామినర్‌గా ఊళ్లు తిరిగే ప్రొఫెసర్‌కు అది కూడా సరిపోదు.

పోర్టల్‌లో ఎక్కడ పొరపాట్లు జరుగుతాయి?

లేఖ మీ చేతికి రాదు. మీరు అప్‌లోడ్ చేయలేరు. పోర్టల్‌లో ప్రొఫెసర్ పేరు, ఈమెయిల్ ఇస్తే, పోర్టల్ నడిపే సంస్థ నుంచి ఆయనకు నేరుగా ఒక లింకు వెళ్తుంది. ఆయన ఆ లింకులోనే లేఖ పెట్టాలి. కాలేజీ లెటర్‌హెడ్, తేదీ, సంతకం ఉండాలి. కాలేజీ డొమైన్‌తో ఈమెయిల్ ఉంటే అదే ఇవ్వడం మంచిది. లేదంటే ఆయన నిజంగా రోజూ చూసే మెయిల్ ఇవ్వండి. ఎప్పుడో ఇచ్చిన విజిటింగ్ కార్డు మీది మెయిల్ వద్దు. లింకు చాలాసార్లు స్పామ్‌లోకి వెళ్తుంది. ‘లింకు ఈ రోజు పంపాను సార్, స్పామ్ కూడా చూడండి’ అని ఫోన్ చేసి చెప్పాల్సిందే.

లింకు పంపేముందు పోర్టల్ ఒక ప్రశ్న అడుగుతుంది: ఈ లేఖ చూసే హక్కును వదులుకుంటారా? 1974 నాటి అమెరికా చట్టం ఫెర్పా కింద విద్యార్థికి తన రికార్డులు చూసే హక్కు ఉంది. దాన్ని వదులుకుంటే లేఖ గోప్యంగా ఉంటుంది, రాసేవారు మొహమాటం లేకుండా రాశారని కాలేజీ నమ్ముతుంది. ఎక్కువమంది వదులుకుంటారు, అదే మేలు కూడా. ‘ఏం రాస్తారో చూడకుండా ఎలా?’ అని భయమేస్తే, సమస్య హక్కులో లేదు, మీరు ఎంచుకున్న మనిషిలో ఉంది.

ఒకే లేఖ సాధారణంగా మీరు దరఖాస్తు చేసే కాలేజీలన్నిటికీ వెళ్తుంది. కాబట్టి లేఖలో ఒక కాలేజీ పేరు రాయొద్దని ముందే చెప్పండి. ఎన్ని లేఖలు, ఎవరివి అన్నది ప్రతి కాలేజీ పేజీలో వేరువేరుగా ఉంటుంది. ఎంచుకున్న కాలేజీలన్నిటి నిబంధనలూ ఒక కాగితం మీద రాసుకుని, అన్నిటికీ సరిపోయేలా మనుషులను ఎంచుకోండి.

అమెరికాలోనే పెరిగిన పిల్లలకైతే?

అక్కడ డిగ్రీ చదివి మొదటి ఏడాది డెంటల్ కోర్సులో చేరే తెలుగు పిల్లలకు పోర్టల్ వేరు, పేరు ఆడ్‌సాస్. అందులో నాలుగు లేఖల వరకు పెట్టొచ్చు. బయాలజీ, కెమిస్ట్రీ వంటి సైన్స్ ప్రొఫెసర్లు ఇద్దరు, ఒక డెంటిస్టు అన్నది చాలా కాలేజీలు కోరే కలయిక. కొన్ని యూనివర్సిటీల్లో ప్రీ-హెల్త్ కమిటీ ఉమ్మడి లేఖ ఇస్తుంది. వందల మంది కూర్చునే క్లాసులో ప్రొఫెసర్‌కు మీరు తెలిసే అవకాశం తక్కువ. మొదటి సెమిస్టర్ నుంచే ఆఫీస్ అవర్స్‌కు వెళ్లడం తప్ప దానికి వేరే మార్గం లేదు.

గడువు దగ్గరపడినా లేఖ రాకపోతే?

రెండు వారాలకోసారి మర్యాదగా గుర్తుచేయండి. పోర్టల్‌లో లేఖ స్థితి కనిపిస్తుంది. అభ్యర్థన పంపారా, పూర్తయిందా అన్నది అక్కడే చూసుకోవచ్చు. ఇంకా పూర్తికాని అభ్యర్థనను తీసేసి, వేరొకరి పేరు పెట్టుకునే వీలుంది. ఒకసారి లేఖ అప్‌లోడ్ అయ్యాక మాత్రం దాన్ని తీయలేరు, మార్చలేరు. అందుకే నాలుగో మనిషిని ముందు నుంచే సిద్ధంగా ఉంచుకోండి. ఆయనకు కూడా ఆ ఒక పేజీ వివరాలు పంపి ఉంచండి.